జ్వరానికి కూర్చున్నది

జూలై 7, ఆదివారం

తమ్ముడు అమోఘ్ దాన్ని టిఫిన్ బ్యాగులో తెచ్చాడు. బెంగళూరు నుంచి చాంపియన్ స్టేషన్ దాకా బ్యాగును కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను నిలబడి వచ్చాడట. పక్క సీటు ఆయన ఏముందందులో అనడిగితే ముద్దపప్పు అన్నాడట.

బ్యాగులో గుడ్డసంచి, సంచికి ముడి. విప్పితే నా పిడికిలంత ఉంది. నల్లటి ఒంటి మీద బెల్లంపాకం ఒలికినట్టు మచ్చలు. బాల్ పైథాన్, మూడు నెలల పిల్ల. తల కడుపులో దాచుకుని ఉండలా చుట్టుకుపోయింది. దాని సొంత దేశం ఆఫ్రికా, పుట్టింది బెంగళూరులో, బతకబోయేది చాంపియన్ రీఫ్స్‌లో బంగారం మైన్స్ కాలంనాటి రెండు గదుల క్వార్టర్సులో. విషం లేదు, కాగితాలున్నాయి. అమోఘ్ ఉండే పీజీ ఓనరమ్మ మాత్రం కాగితాలు చూడలేదు, కేక పెట్టిందట.

"కొన్నాళ్ళు చూసుకో అక్కా. నువ్వెట్లాగూ ఖాళీయే కదా" అన్నాడు.

ఖాళీ. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

నాన్న షరతు: అమ్మినవాడు ముప్పై రోజుల్లోపు తిరిగి తీసుకుంటాడు. ఆగస్టు ఆరో తేదీ లోపల అది తింటే ఉంటుంది, తినకపోతే వెనక్కి పోతుంది. తిండి మానేసి తిరిగొచ్చిన పిల్లల్ని వాళ్ళేం చేస్తారో అమోఘ్ చెప్పలేదు. నేను అడగలేదు. నాన్న క్యాలెండర్‌లో ఆరు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు.

అమ్మ షరతు: ఇంట్లో పాము అనే మాట వినబడకూడదు. పురుగు అనాలి. బూదికోటలో అమ్మమ్మ కూడా అలాగే అనేదట, పేరు పెట్టి పిలిస్తే వస్తుందని.

"వచ్చేసింది కదమ్మా" అన్నాను.

"మీరు పిలిచినారు గనక" అంది.

జూలై 8

బయటికి రాలేదు. నేనూ.

జూలై 10, బుధవారం

ఇల్లు కుదిరింది. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె, మూతకి సూదితో పెట్టిన బెజ్జాలు. ఒక పక్క కింద వేడి పట్టా, ఆ పక్క ముప్పై ఒకటి డిగ్రీలు, ఇంకో పక్క ఇరవై ఆరు. అడుగున కొబ్బరి పొట్టు, తడిగా. రెండు చాటులు ఉండాలి, ఇరుగ్గా ఉండాలి, ఒళ్ళు నాలుగు వైపులా గోడకి తగిలితేనే దానికి ధైర్యమట. ఒకటి కొబ్బరిచిప్ప. రెండోది నాన్న తెచ్చాడు, మూతి పగిలిన కుండపిడత. అంచులు గరుకుకాగితంతో రుద్ది మరీ తెచ్చాడు.

నాన్న మైన్స్ మూసేదాకా టైమాఫీసులో గుమాస్తా. లోపలికి దిగేవాళ్ళకి టోకెన్ ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం. మైన్స్ పోయి ఇన్నేళ్ళయి, సొసైటీ ఆఫీసులో లెడ్జర్లు రాస్తున్నా బుద్ధి అక్కడే ఉంది. పెట్టెలోకి తొంగిచూసి, "అండర్‌గ్రౌండ్ పోయినాడు. టోకెన్ ఇచ్చినావా?" అన్నాడు.

మొదటి వారం ముట్టుకోకూడదు. ముట్టుకోలేదు. ఇవాళ పదకొండుసార్లు చూశాను. చూడటం ముట్టుకోవడం కాదు.

జూలై 14, ఆదివారం

మొదటి భోజనం.

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటదు. అందుకని గడ్డకట్టించిన చిట్టెలుకలు ఆండర్సన్‌పేటలో గుండప్ప చికెన్ షాపు ఫ్రిజ్‌లో ఉంటాయి, పేపర్లో చుట్టి, పైన నా పేరు రాసి. గుండప్ప నాన్నకి పాత పరిచయం. పొట్లం ఇస్తూ, "మీ ఇంటోళ్ళు నా అంగడి గడప ఎక్కినారంటే కలికాలం అనుకుంటిని. ఎలక కోసరమా?" అన్నాడు.

పెరట్లో వేన్నీళ్ళ మగ్గులో కరిగించాను. పొడుగు పటకారుతో పట్టి పిడత ముందు ఆడించాను. తల బయటికొచ్చింది. నాలుక రెండుసార్లు. తర్వాత మూతి తిప్పుకుని లోపలికి పోయింది, పెళ్ళిలో పప్పు బాగాలేదని లేచిపోయే మగపెళ్ళివాళ్ళలాగా.

నాకేం కోపం రాలేదు. ఇది అమోఘ్ పాము. తినకపోతే అమోఘ్ పాము తినలేదు.

జూలై 17

మళ్ళీ పెట్టాను. ఐదారు రోజులు ఆగమని నెట్‌లో రాసుంది. మూడు ఆగాను. లేదు.

జూలై 19

మళ్ళీ. లేదు.

జూలై 20, శనివారం

అమోఘ్ ఫోన్ చేశాడు. ఆత్రపడి మళ్ళీ మళ్ళీ పెడితే అది బెదిరిపోతుందని వాడికి ఎవరో చెప్పారట. నేను ఆత్రపడటం లేదన్నాను. "సరేలే అక్కా, నీ బి.ఎడ్. కన్నా ఎక్కువ రోజులే నిలుస్తుందిలే" అని నవ్వాడు.

బి.ఎడ్. ఐదు నెలలు. బెంగళూరు ఉద్యోగం ఏడు నెలలు. బ్యాంకు కోచింగ్ పందొమ్మిది రోజులు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. అమ్మ ఇంతవరకు ఏమీ అనలేదు. అనకుండా కంచంలో ఇంకో గరిటె వేస్తుంది.

జూలై 21, ఆదివారం

సొన్నమ్మవ్వ వచ్చింది.

అమ్మకి మొదట పోస్టింగ్ గౌనిపల్లిలో. అప్పుడు సొన్నమ్మవ్వ ఇంట్లోనే బాడుగకున్నాం. అమ్మ బడికి పోతే నన్ను చూసుకున్నది ఆమే. వాళ్ళది పట్టుపురుగుల ఇల్లు. నేను పాకింది, నడిచింది ఆ తట్టల మధ్యేనట. ఇప్పుడామెకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. వెలుతురూ నీడా తెలుస్తాయి, మనిషి తెలియదు. ఇక్కడ ఆపరేషన్. ఆమె భర్త శ్రీరామప్ప తాత బస్సు నుంచి దించి, పంట చివర్లో ఉందని అదే బస్సులో వెనక్కి పోయాడు.

నా ముఖమంతా చేత్తో తడిమింది. "చిక్కిపోయినావే పాపా. బెంగళూరు వాళ్ళు కూడు పెట్టలేదా?" అంది.

సాయంత్రం నా గది వైపు వస్తుంటే అమ్మ అడ్డం పడింది. "ఆ గదిలోకి వద్దు సొన్నమ్మా, పురుగు ఉంది" అని నోరు జారింది.

అవ్వ ముఖం వెలిగిపోయింది. "పురుగు పెట్టినారా? ఈ మైన్స్ ఊర్లో? ఆకు యాడ నుంచి తెస్తా ఉండారు?"

అమ్మా నేనూ ముఖాలు చూసుకున్నాం. గౌనిపల్లిలో పురుగు అంటే ఒక్కటే. వేలుంటాయి, అయినా పురుగే అంటారు. పురుగు లేచింది, పురుగు పండింది.

డాక్టరు ఈమెకి బీపీ ఎక్కువ, బెదరనివ్వకండి అని చెప్పి ఉన్నాడు.

"ఎన్ని తట్టలు?" అని అడిగింది.

"ఒకటే అవ్వా."

"మేలు. మొదటి పంటకి ఒక తట్ట చాలు."

జూలై 23, మంగళవారం

అవ్వకి షుగర్ దిగలేదు. ఆపరేషన్ ఆగస్టు తొమ్మిదికి పోయింది. అంటే ఇంకా పదిహేడు రోజులు ఆమె మా ఇంట్లో, అది నా గదిలో.

ఇంటికి కొత్త చట్టం వచ్చింది. పురుగున్న ఇంట్లో అగరొత్తి వెలిగించకూడదు. దోమలచుట్ట కూడదు. సెంటూ పౌడరూ పూసుకుని పోకూడదు. కాళ్ళు కడుక్కోకుండా గడప దాటకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. నాన్న పొద్దున సొంత ఇంట్లో, సొంత కూతురి గదిలో న్యూస్‌పేపర్ తీసుకోవడానికి కాళ్ళు కడుక్కున్నాడు. అమ్మ దేవుడి అగరొత్తులు పెరట్లో తులసి దగ్గరికి మార్చింది.

ఒకటి ఒప్పుకోవాలి. ఇవన్నీ దానికి మంచివే.

చెప్పేయాలి. షుగర్ దిగాక చెబుతాను.

జూలై 26, శుక్రవారం

దాని ఒంటిమీద మెరుపు పోయింది. బెల్లం రంగు బూడిద రంగులోకి తిరిగింది. పొట్ట కింద గులాబి. పిలిచినా, అంటే చిప్ప తీసినా, కదల్లేదు. ఉత్తరాలు తూచే చిన్న తక్కెడలో డెబ్బై ఒక్క గ్రాములు ఉండేది, అరవై ఎనిమిదికి దిగింది.

అమ్మ బడికి పోయింది. కాఫీల దగ్గర నాన్నకి చెబుతుంటే అవ్వ విన్నది. ఎన్ని రోజులైంది, రంగు మారిందా, తల ఎత్తిందా దించిందా అన్నీ అడిగి, తీర్పు చెప్పినట్టు చెప్పింది: "జ్వరానికి కూర్చునింది."

"జ్వరమా?" అన్నాడు నాన్న.

"ఊ. ఇంగ దాని పక్కకి పోవద్దండి. ఏమీ పెట్టొద్దండి. అదే లేస్తాది."

ఎంత నింపాదిగా చెప్పిందో. పాములకి జ్వరం వస్తుందా అని రెండు గంటలు ఫోన్లో వెతికాను. రాదని ఒకరు, వస్తే పోతుందని ఒకరు. రేపు ఫోటోలు తీసుకుని బంగారపేట పశువుల డాక్టరు దగ్గరికి పోతాను.

జూలై 27, శనివారం

డాక్టరు ఫోటో చూసి కుర్చీ వెనక్కి జరిపాడు. "పాలిచ్చేదైతే చెప్పేవాణ్ణమ్మా" అన్నాడు. అంతే, బంగారపేట ప్రయాణం.

ఇంటికొచ్చి గదిలోకి పోతే వేడి పట్టా లైటు వెలగడం లేదు. పెట్టెలో ఇరవై రెండు డిగ్రీలు. చిప్ప తీసి ఉంది. అది చుట్టుకుని ఉంది, దాని మీద తడిగుడ్డ. ముట్టుకుంటే చల్లగా, మెత్తగా, పిండిముద్దలాగా ఉంది. నాలుక బయటికి రాలేదు.

ఎవరు తీశారని అరిచాను. పురుగింట్లో అరవొద్దని హాల్లోంచి అవ్వ అంతకంటే గట్టిగా అరిచింది.

నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నాల్గో శనివారం, ఆయనకి సెలవు. "జ్వరమనింది కదమ్మా. జ్వరంలో ఉండేవాడి కింద ఎవరైనా హీటర్ పెడతారా? నువ్వు మరిచిపోయినావనుకున్నాను" అన్నాడు.

తిట్టడానికే నోరు తెరిచాను. అప్పుడు ఆ గుడ్డ చూశాను. నాన్న జేబురుమాలు. నాలుగు మడతలు, అంచులు సమానంగా. నీళ్ళు కారకుండా పిండి, తలకి తగలకుండా నడుము మీద వేశాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మూడు రాత్రులు ఇలాంటి గుడ్డలే. వెనక్కి పంపించేయాలని తేదీ చుట్టూ గీత గీసిన మనిషి, ఇంతవరకు పెట్టెలో వేలు పెట్టని మనిషి, చిప్ప ఎత్తి దాని ఒంటిమీద చెయ్యి వేశాడు. ఎంత భయపడి ఉంటాడో.

పట్టా స్విచ్ వేశాను. గంటకి ఇరవై ఎనిమిది. రెండు గంటలకి నాలుక ఒక్కసారి బయటికొచ్చి లోపలికి పోయింది. నాన్న చూశాడు. "టోకెన్ వెనక్కిచ్చినాడు" అని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పటికి హాల్లో అవ్వ నవ్వుతోంది. జ్వరమంటే ఒళ్ళు కాలేది కాదట. పురుగు మేత మాని, తల ఎత్తి, కదలకుండా కూర్చుని పాత చర్మం విడిచేదాన్ని వాళ్ళు జ్వరమంటారు. పంటకి నాలుగు జ్వరాలు. "టీచరమ్మ ఉండింటే చెప్పేది. సారుకి పాపం సర్కారు ఆసుపత్రి జ్వరమే తెలుసు."

చర్మం విడవడం. అది చదివాను కూడా, మూడు వారాల కిందట. నిన్నంతా వెతికింది జ్వరం గురించి. ప్రశ్న తప్పయితే ఫోను మాత్రం ఏం చేస్తుంది.

జూలై 28, ఆదివారం

పొద్దున్నే నాన్న నా గది గడప మీద, కాళ్ళు కడుక్కుని, చేతిలో డబ్బా. ఏమిటంటే సున్నం పొడి. జ్వరంలో ఉన్న పురుగుకి తడి తగిలితే పోతుందని, నిన్న గుడ్డ వేసినందుకు అవ్వ రాత్రి ఆయన్ని చీవాట్లు పెట్టిందట. తట్ట మీద సున్నం చల్లి పొడిగా ఉంచాలట. గౌనిపల్లిలో అదే చేస్తారు.

పాము సంగతి సరిగ్గా దీనికి తిరగేసి. విడిచేటప్పుడు తడి ఎక్కువ కావాలి. సున్నం పడితే ఊపిరి పోతుంది.

డబ్బా లాక్కున్నాను. "అవ్వ చెప్పింది పట్టుపురుగు సంగతి నాన్నా."

"జ్వరం దగ్గర ఒప్పుకుంటివి. సున్నం దగ్గర ఒప్పుకోవా?"

తినిపించొద్దు అన్న మాట నాకు అనుకూలంగా ఉంది, తీసుకున్నాను. సున్నం అనుకూలంగా లేదు, వదిలేశాను. ఆమెకి మాత్రం దేని గురించి మాట్లాడుతోందో తెలియదు. ఇంక ఆగకూడదు. ఆగితే రేపు ఆమే తడుముకుంటూ వచ్చి చల్లుతుంది.

దాని కళ్ళు ఇవాళ పాలనీలంగా మారాయి. ఏమీ కనబడదట దానికి.

జూలై 29, సోమవారం

చెప్పాను.

అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. కళ్ళు లేకపోయినా ఒక్క గింజ వదలదు. అవ్వా, ఆ గదిలో ఉన్నది పట్టుపురుగు కాదు అన్నాను. మరేమి అంది. మా ఇంటి అలవాటు, నోటికి ఆ మాట రాలేదు. "పురుగే. పొడుగు పురుగు" అన్నాను.

చేతులు ఆగాయి.

"టీచరమ్మకి తెలుసునా?"

"తెలుసు."

"సారుకి?"

"తెలుసు."

"గుడ్డిదానికి మాత్రం తెలీకూడదు" అంది.

తర్వాత గింజలు తీయడం పూర్తి చేసింది. చాట నా వైపు తోసి, ముసలాయనకి ఫోన్ కలపమంది, రేపు బస్సుకి వచ్చేస్తానని చెప్పాలట. ఆపరేషన్ వద్దట. అమ్మ బడి నుంచి వచ్చి బతిమాలింది. నాన్న బతిమాలాడు. ఆమె సంచి సర్దుకుంది.

జూలై 30, మంగళవారం

పొద్దున ఫోన్ కలిపాను. ఆమెకి బటన్లు కనబడవు గనక స్పీకర్లో పెట్టాల్సి వచ్చింది. ఇల్లంతా విన్నది. అవ్వ చెప్పిందంతా తాత ఓపిగ్గా విన్నాడు. తర్వాత అడిగాడు, ఏం తింటాదంట అది?

అవ్వ నేను ఉన్నవైపు కాకుండా గోడవైపు తిరిగి, "ఏం తింటాది?" అని అడిగింది. నిన్నటి నుంచి నాతో మొదటి మాట.

"ఎలకలు."

తర్వాత తాత, "వసే, ఇక్కడ ఎలకలు తట్టకి తట్ట ఖాళీ చేస్తా ఉండాయి, నేను రాత్రంతా కట్టె పట్టుకుని కూర్చుండాను. నువ్వు కన్ను చేయించుకునే రా. వచ్చేటప్పుడు దాన్ని కూడా తీసుకురా" అన్నాడు.

అవ్వ నవ్వకూడదని చాలా కష్టపడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

జూలై 31, బుధవారం

మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే. అవ్వ పెరట్లోకి పోయి చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, సబ్బు లేకుండా, మూడుసార్లు. గోడ పట్టుకుని నా గది గడప దగ్గరికొచ్చి ఆగింది.

"కరుస్తాదా?"

"ఇప్పుడు దానికి కళ్ళు కనబడవవ్వా. బెదిరితే కరవొచ్చు. చిన్న పళ్ళు. గీరుకున్నట్టే."

"దానికీ కనబడదా" అంది. కింద కూర్చుంది.

విడిచే రోజుల్లో ముట్టుకోకూడదని నాకు తెలుసు. అయినా చిప్ప ఎత్తాను. ఆమె చూపుడువేలు పట్టుకుని నడుము మీద ఆనించాను. ఆమె ఊపిరి బిగబట్టింది. అది కూడా బిగుసుకుంది, తర్వాత వదులైంది. వేలు కదల్లేదు. ఇరవై లక్షల పురుగుల్ని ఎత్తి దించిన వేలు అది, ఎక్కడ ఆనాలో దానికి తెలుసు.

"వెచ్చగా ఉండాదే. చల్లగా ఉంటాదంటారు."

"కింద వేడి పెట్టాను."

వేలు వెంట్రుకవాసి జరిగింది. "పాత బట్ట ఇంకా పట్టుకునే ఉండాది. వదల్లేదు. ఐదారు దినాలు పట్టొచ్చు." చెయ్యి తీసేసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "సున్నం వద్దంటివంట."

"దీనికి తడి కావాలవ్వా."

"నాకు తెలిసింది నా పురుగు పాపా. నీది నువ్వే తెలుసుకోవాల. నన్ను అడిగి నాకు చెప్పకుంటే నేనేం జెయ్యను?"

అంతే తిట్టింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 2

కళ్ళు తేరుకున్నాయి. చర్మం విడవలేదు. పొట్టులో ఇంకో గ్లాసు నీళ్ళు పోశాను.

ఆగస్టు 4, ఆదివారం

విడవలేదు. బెంగళూరు నుంచి అమ్మినవాడు ఫోన్. ఆరో తేదీ సాయంత్రం రైల్లో ఎవరిచేతైనా పంపితే స్టేషన్‌కొచ్చి తీసుకుంటాడట, ఆ తర్వాత తన పూచీ లేదట. నాన్నకి చెప్పాను. ఆయన క్యాలెండర్ వైపు చూశాడు. "ఏం చేద్దామమ్మా?" అన్నాడు.

పంపించేయ్ అనలేదు. ఏం చేద్దామన్నాడు.

నాకేమీ పట్టింపు లేదు. రాత్రి నాలుగుసార్లు లేచి చూశాను.

ఆగస్టు 6, మంగళవారం

విడిచింది.

తెల్లారి పిడత పక్కన ఒక పొడుగు మేజోడు. పలచగా, తడిగా, లోపలిది బయటికి తిరగేసి, మూతి నుంచి తోక కొస దాకా ఎక్కడా తెగకుండా. కళ్ళ దగ్గర రెండు గాజుపెంకుల్లాంటి గుండ్రాలు కూడా వచ్చేశాయి. ఆ పక్కన అది. కొత్త బెల్లం. దాని మీద తడి మెరుస్తోంది. నన్ను చూసి నాలుక ఆడించింది, ఆపకుండా.

నాన్న బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చాడు. "ఇప్పుడు పెట్టేయ్! ఆకలిగా ఉంటాడు. సాయంత్రం రైలు లోపల తినేస్తే తీరిపోతాది" అన్నాడు. చెప్పులేసుకున్నాను కూడా, గుండప్ప దగ్గరికి.

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో ఆ మేజోడు పెట్టాను. తల దగ్గర నుంచి తోక దాకా రెండు వేళ్ళ మధ్య పోనిచ్చింది. ముఖంలో ఏదో వచ్చింది, పంట చేతికొచ్చినప్పుడు వచ్చేదేమో.

"పెట్టబోతా ఉండావా?"

"ఆకలిగా ఉంది."

"జ్వరం లేచినదానికి ఆకలి ఉంటాది. మూతి మాత్రం పచ్చిగా ఉంటాది. లేచిన వెంటనే ఆకు వేస్తే నా పురుగు సగం తిని మానేస్తాది, మళ్ళా ముట్టదు. మేము ఒక దినం కాచుకుంటాం." కాసేపాగి, "నా పురుగు మాట చెప్తా ఉండాను. నీ దాని సంగతి నాకు తెలీదు" అంది.

ఒక దినం. నాకున్నది ఒక పూట.

ఆండర్సన్‌పేట దాకా పోయాను. గుండప్ప పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. పద్నాలుగున పెట్టాను. పదిహేడున, పందొమ్మిదిన పెట్టాను. ప్రతిసారీ ఆకలి దానిది కాదు, నాది. ఇవాళ పెట్టి, అది మూతి తిప్పుకుంటే, సాయంత్రం రైలెక్కించడానికి నాకో కారణం దొరుకుతుంది. దొరకాలనే ఇంత పరుగున వచ్చానా? బి.ఎడ్. మానేసిన రోజు కూడా ఇలాగే, ఒక మంచి కారణం దొరికేదాకా పరిగెత్తాను.

రేపు తీసుకుంటానని చెప్పి వచ్చేశాను. "ఎలకకి కూడా ముహూర్తమా?" అన్నాడు గుండప్ప.

నాలుగింటికి నేనే బెంగళూరుకు ఫోన్ చేశాను. పంపడం లేదన్నాను. తిన్నదా అన్నాడు. లేదన్నాను. ఇంక తినకపోతే నన్ను అడగొద్దమ్మా అన్నాడు, అడగనన్నాను. రిజిస్టర్లో ఇప్పటికీ అమోఘ్ పేరే ఉంది, అలాగే ఉంచనా అని అడిగాడు.

"కాదు. నా పేరు రాయండి. అనఘ."

"అనితనా?"

"అనఘ. ఒత్తు ఉంటుంది" అన్నాను. అక్షరం అక్షరం పలికి రాయించాను.

ఐదున్నరకి రైలు కూత వినబడింది. నాన్న క్యాలెండర్ ముందు నిలబడ్డాడు. ఇక తినకపోతే నా పాము తినలేదు.

ఆగస్టు 7, బుధవారం

రోజంతా గదిలోకి పోలేదు. అంటే రెండుసార్లు.

సాయంత్రం ఆరు. చిట్టెలుకని వేన్నీళ్ళలోంచి తీసి, తుడిచి, మూతి దగ్గర ఇంకాస్త వెచ్చబెట్టాను. అమ్మ వంటింట్లో తాలింపు ఆపేసింది. నాన్న ఫ్యాన్ ఆపాడు. అవ్వ హాల్లో మధ్యన కూర్చుని, ఎవరైనా దగ్గితే కొట్టేలా ఉంది.

పిడత ముందు పటకారు ఆడించలేదు ఈసారి. పట్టుకుని ఊరుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టింది. ఊరుకున్నాను. మూతి బయటికొచ్చింది. నాలుక నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, తర్వాత ఆగిపోయింది. మెడ వెనక్కి ఒంపు తిరిగింది.

చూడలేదు నేను. రెప్ప వేశానేమో. పటకారుకి ఒక కుదుపు, అంతే. తెరిచి చూస్తే మూడు చుట్లు చుట్టేసి ఉంది, ఎలక తోక మాత్రం బయట.

"తింటా ఉండాదా?" అవ్వ గుసగుస.

"ఊ."

"చప్పుడే లేదే. నా పురుగు తింటే వాన పడినట్టుంటాది."

తలవైపు నుంచి మొదలుపెట్టి, దవడలు ఒకటి తర్వాత ఒకటి జరుపుకుంటూ, పన్నెండు నిమిషాలు. ఆఖర్న తోక సేమ్యాలాగా లోపలికి పోయింది. రెండుసార్లు ఆవులించి దవడ సర్దుకుని, నడుమున చిన్న ఉబ్బుతో పిడతలోకి పోయింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు, గట్టిగా. ఎంతసేపటి నుంచి వెనకాల ఉన్నాడో. అమ్మ వంటింట్లోంచే తినిందా తినిందా అని అడుగుతోంది. తినిందని చెప్పాను. తాలింపు చిటపటలు మళ్ళీ మొదలయ్యాయి.

నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఆగస్టు 8, గురువారం

రేపు ఆపరేషన్. ఇవాళ సాయంత్రమే ఆసుపత్రిలో చేరమన్నారు. అవ్వ సంచి సర్దుతూ, ఒకరోజు కట్టుతో ఉండి ఎల్లుండి విప్పుతారని చెప్పాను. ఇంటికి రాగానే మొదట దాన్ని చూపిస్తానన్నాను. ఆ బెల్లం రంగు, ఆ మచ్చలు, చిన్న మూతి. కొత్త కంటితో ఎంత బాగా కనబడుతుందో.

అవ్వ సంచి తాడు బిగించింది.

"వద్దులే పాపా. చేత్తో చూసినాను, చాలు. కంటితో చూస్తే పామైపోతాది."